గ్లూకోజు నీళ్లు తాగి కూర్చున్న గంట

కదలకూడదట. ఒక గంట ఎలాగో గడిచింది, ఇంకో గంట మిగిలింది, ఈ గంట కూడా ఈ ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కునే ఉండాలట. నడవకూడదు, తినకూడదు, పొగ తాగకూడదు, గొంతెండితే గుక్కెడు నీళ్లు, అంతే. రక్తం తీసే పిల్ల పొద్దున వేలు చూపించి మరీ చెప్పింది. చెప్పి గ్లాసు చేతిలో పెట్టింది. గ్లూకోజు నీళ్లు. నీళ్లా అవి, పాకం. గబగబా తాగెయ్యండి అంకుల్, వాంతి చేసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది అంది. తాగాను. ఇంకా పళ్లకు అంటుకునే ఉంది. నాలుక ఎటు తిప్పినా తీపే, పెదవి తడుపుకుంటే తీపి, ఉమ్మి మింగితే తీపి. ఇంత తీపి ఒక్కసారిగా నా జన్మలో తాగలేదు. ఎందుకు తాగాను, తీపి జోలికి పోనివాడి ఒంట్లో తీపి ఉందో లేదో చూడ్డానికట. బాగుంది వ్యవహారం. ఇంట్లోకి దొంగ వస్తాడో రాడో చూడ్డానికి తలుపు తీసిపెట్టినట్టు. కాలు ఊగుతోంది. నేను ఊపడం లేదు, అదే ఊగుతోంది. చేత్తో నొక్కి పట్టుకుంటే రెండోది మొదలెట్టింది. నాకు కూర్చోవడం రాదు. కాటా దగ్గర నాకొక కుర్చీ ఉంది, ఉంటే ఉంది, దాని మీద నా సంచీ కూర్చుంటుంది. పాత ఇనుము కొనే యార్డు మాది, లారీలు తూచే కాటా నాది, లారీ పలక ఎక్కిన ప్రతిసారీ బయటికెళ్లి చక్రాలన్నీ పలక మీదే ఉన్నాయా అని చుట్టూ తిరిగి చూస్తే గానీ నేను అంకె చెప్పను. అలా తిరిగే మనిషిని తెచ్చి కుర్చీలో పడేశారు. ఎదురుగా గోడ. గోడ మీద లివర్ బొమ్మ, పెద్దది, ఎర్రగా, తడిగా. పొద్దున్నుంచీ అది నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను.

లివర్. దాంతోనే వచ్చింది ఇదంతా. యార్డులో ఏటా అందరికీ పరీక్షలు చేయిస్తారు, ఏటా నాకు ఏమీ ఉండదు, ఈ ఏడు లివర్ ఎంజైములు ఎక్కువ అన్నారు. పోయిన ఏడు కూడా కాస్త ఎక్కువేనట, ఎవరూ పట్టించుకోలేదు. ఎంజైమో గింజైమో నాకేం తెలుసు, లివర్ అన్న మాట ఒక్కటి చాలు యార్డుకి. మాకు తెలిసిన లివర్ ఒకటే, తాగుబోతు లివర్. లారీల మీద ఇనుము దించేవాళ్లలో ఒకడున్నాడు, ఏ సంగతైనా వాడి చెవిన పడితే యార్డంతా మోగుతుంది, అందుకే వాణ్ణి సైరన్ అంటారు. ఒరేయ్, పెద్దాయన లివర్ పాడైందంట్రా, ఇన్నాళ్లూ మనకి నీతులు చెప్పి ఇంటికెళ్లి తలుపేసుకుని కొడుతున్నాడ్రా అని మోగించాడు. అందరూ నవ్వారు. నేను పనిలోకి తాగొచ్చినవాణ్ణి గేటు దాటనివ్వను, వాసన తగిలితే వెనక్కి పంపేస్తాను, వాళ్ల పెళ్లాలొచ్చి ఏడ్చినా వినను. అలాంటివాణ్ణి పట్టుకుని. మర్నాడు ఎవడో నా సంచీలో ఖాళీ సీసా పెట్టాడు. ఎవడో నాకు తెలుసు. తెలిసినా ఏం మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నాకు బాగా వచ్చు.

డాక్టరు కూడా అదే అడిగింది. నా కూతురు వయసు ఉంటుంది. తాగుతారా అంది. లేదన్నాను. అప్పుడప్పుడు, పెళ్లిళ్లలో? లేదు. మానేశారా? మొదలెడితే కదా మానెయ్యడానికి. అప్పుడు కళ్లజోడు తీసి నా వంక సరిగ్గా చూసింది. చూసి, మెల్లగా చెప్పింది, చెప్పడం మాత్రం బాగానే చెప్పింది. ఈ ఎంజైములు లివర్ లోపల ఉండాల్సినవట, లివర్ నలిగితే రక్తంలోకి కారతాయట. నలగడానికి తాగక్కర్లేదట, లోపల కొవ్వు పేరుకున్నా నలుగుతుందట, నాలాగా ఎముకల గూడు లాంటివాళ్లకి కూడా లోపల పేరుకోవచ్చట. కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ మాట వినదట. కడుపు ఖాళీగా ఉన్నా సరే, తనంతట తాను పంచదార తయారుచేసి రక్తంలోకి వదుల్తూనే ఉంటుందట. మీరు ఒక్క చెంచా పంచదార తినకపోయినా మీ లివరే మీకు పెడుతుంది అంది. ఈ అంకె పెరిగినవాళ్లలో తర్వాత షుగర్ వచ్చేవాళ్లు ఎక్కువ అండీ, అందరికీ రాదు, కానీ ఎక్కువ. షుగర్ బయటపడడానికి ఏళ్ల ముందే కొందరికి లివర్ చెప్తుంది, మనం వినం. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా? నా భార్యకి ఉండేది, పోయింది అన్నాను. అయ్యో అంది. అని, భార్య అంటే రక్తసంబంధం కాదు కదా, అది లెక్కలోకి రాదులెండి అంది. లెక్కలోకి రాదట. ఒక్క మాటతో మా ఆవిడని లెక్కలోంచి తీసేసింది. తీసి, ఖాళీ కడుపు షుగరు గీతకి దగ్గరగా ఉంది, గ్లూకోజు తాగించి రెండు గంటలాగి చూద్దాం అంది. నూట నలభై లోపు ఉంటే లేనట్టు. రెండొందలు చేరితే ఉన్నట్టు. మధ్యలో ఉంటే గడప మీద ఉన్నట్టు.

గోడ గడియారం ముల్లు కదలడం లేదా, లేక నేనే దాన్ని చూసి చూసి ఆపేశానా. పక్క కుర్చీ ఖాళీ. దాని పక్క కుర్చీలో మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు. యాభై దాటాడు, ఇంకా వాళ్లింట్లో చిన్నోడనే అంటారు. ఊరంతా కరెంటు వైర్లు బిగిస్తాడు, కూర్చున్నా చేతులు ఊరికే ఉండవు, ఇందాకట్నుంచీ కుర్చీ కింద వదులైన మరమేకును గోటితో బిగిస్తున్నాడు. వాడితో నేను మాట్లాడి మూడేళ్లు. మా ఆవిడ పోయి మూడేళ్లు. ఈ పరీక్షకి పక్కన ఒకరుండాలి, కళ్లు తిరగొచ్చు అన్నారు. కూతురికి చెబితే సెలవు దొరకలేదు నాన్నా, మామయ్యకి చెప్పాను, వస్తాడు అంది. నన్నడిగి చెప్పిందా. పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో వీడు, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్ష వాడికైనట్టు. దారంతా వాడే మాట్లాడాడు. నా లివర్ కూడా చూపించుకున్నా బావా, డాక్టరు మెచ్చుకున్నాడు, బంగారంలా ఉందన్నాడు, వారానికి రెండుసార్లు పుచ్చుకునేవాడికి బంగారం, వాసన పడనివాడికి తుప్పు, దేవుడు కూడా తూకంలో మోసం చేస్తాడన్నమాట బావా! నేను నవ్వలేదు. నవ్వుతానని వాడూ అనుకోలేదు. మా ఆవిడ ఉంటే నవ్వేది. వీడు నోరు తెరిస్తే చాలు దానికి నవ్వు, నేను ఏడాదంతా కష్టపడి తెచ్చిపెట్టినదానికి రాని నవ్వు వీడు పొట్లం విప్పితే వచ్చేది. పొట్లంలో ఎప్పుడూ మిఠాయే. అక్కా, ఇది కొత్త దుకాణం, రుచి చూడు. రుచి చూసేది. ఇంకొకటి. నేను తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. పళ్లు పోతాయే అనేవాణ్ణి. పోతే పోతాయి, నా నోట్లోవేగా అనేది.

మొదటి గంటలో వీడొక మాట అన్నాడు. మేకు మీంచి కళ్లెత్తకుండా అన్నాడు. అక్కకి కూడా అప్పట్లో లివర్ ఎక్కువొచ్చింది కదా బావా. నేను బొమ్మ వంక చూస్తున్నాను. షుగర్ రాకముందు, చాలా ముందు. గుర్తుందా? అంటే అప్పటికే, అన్నాడు, ఆపేశాడు. మిగతాది మింగేశాడు. వీడికి నా కూతురు చెప్పి ఉంటుంది, డాక్టరు అన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పి ఉంటుంది, మామా మేనకోడళ్లిద్దరూ ఫోన్లో కూర్చుని లెక్కలు కట్టి ఉంటారు. గుర్తుందా అట. ఎందుకు గుర్తుండదు. పిల్ల బడికెళ్లే రోజులు. మా ఆవిడకి నాలుగు రోజులు జ్వరం వస్తే రక్తం తీశారు, జ్వరం సంగతి పక్కన పెట్టి లివర్ కాస్త ఎక్కువుందమ్మా, ఆర్నెల్లకి మళ్లీ వచ్చి చూపించుకో అన్నాడు అప్పటి డాక్టరు. ఇంటికొచ్చి చెప్పింది. అందరం అన్నాలు తింటున్నాం, వీడూ ఉన్నాడు. నేను ముద్ద నోట్లో పెట్టుకుంటూ, ఏ కొట్లో తాగొచ్చావే అన్నాను. అంతే. నేనొక హాస్యం ఆడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు, తర్వాత వీడు కంచం ముందు అడ్డంగా పడి దొర్లాడు, పిల్ల ఎందుకో తెలియకుండానే నవ్వింది, మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. కొన్నాళ్లు ఇంట్లో అదే ఆట. తూలుతున్నావేంటక్కా, ఎక్కువైందా అనేవాడు వీడు. ఆర్నెల్లు అయ్యాయి. మళ్లీ వెళ్లలేదు. తాగని మనిషికి లివరేంటి అనుకున్నాం. అందరం అనుకున్నాం. వీడూ అనుకున్నాడు. నేనొక్కణ్ణే కాదు.

అయినా సరే. అయినా తిన్నది. షుగర్ వచ్చాక కూడా తిన్నది, చాటుగా తిన్నది, వీడు తెచ్చిపెడితే తిన్నది. షుగర్ అదుపు లేనివాళ్ల రోగం. నేను దాని ముఖం మీదే అన్నాను ఆ మాట, ఒకసారి కాదు. తిని తెచ్చుకున్నావ్, అనుభవించు అన్నాను. కాలి వేలు తీసేసినరోజు కూడా అన్నాను. అన్నం తిన్నాక నడవాలి, నడిస్తే రక్తంలో తీపి కండల్లోకి పోయి అంకె దిగుతుంది అని చెప్పాడు డాక్టరు, రోజూ తినగానే దాన్ని వీధిలోకి తోలేవాణ్ణి, గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి, మలుపు దగ్గర ఆగి ఎవరితోనో కబుర్లాడితే ఇక్కణ్ణుంచే కేకేసేవాణ్ణి. వీధంతా నవ్వుకునేది. నవ్వుకోనీ. బతికించడానికే కదా. బతికిందా. వేలు పోయింది, చూపు మసకబారింది, తర్వాత కిడ్నీలు. ఆసుపత్రిలో చివరి వారం నేనొకరోజు పొద్దున వెళ్లేసరికి దిండు అంచున చీమలు. బారు కట్టి మంచం కాలు మీదుగా పైకి. దాని పెదవి మూల ఒక చీమ. అది నిద్రపోతోంది, దానికి తెలీదు. నేను వేలితో తీసేశాను. పరుపు ఎత్తి చూస్తే వెండి కాగితం, అందులో మిఠాయి తునక, సగం కొరికింది. వీడు వరండాలో నిలబడి ఉన్నాడు. అడిగింది బావా, ఒక్క ముక్క, నోరంతా చేదుగా ఉందిరా అంది. వార్డు వార్డంతా వినేటట్టు అరిచాను. నువ్వే చంపావురా దాన్ని. అప్పటికి అది బతికే ఉంది. విందో లేదో. కళ్లు తెరవలేదు. మూడోరోజు పోయింది. వీడు ఆ రోజునుంచీ నా ఎదురుపడి తలెత్తలేదు. నేను ఎత్తనివ్వలేదు. ఒక మనిషి పోయాక తప్పు చూపించే వేలు ఎవరో ఒకరి దగ్గర ఆగాలి. ఆగింది. ఇక కదపను అనుకున్నాను.

ఇప్పుడు ఈ గ్లాసుడు నీళ్లు. మిఠాయి ముట్టనివాణ్ణి, టీలో పంచదార వేసుకోనివాణ్ణి, ఒంటి మీద పిడికెడు కండ లేనివాణ్ణి, కునుకు పట్టేదాకా నిలబడి పనిచేసినవాణ్ణి. నాకు గనక ఆ అంకె దాటితే. దాటితే ఏమవుతుంది, మాత్రలేసుకుంటాను, చస్తే చస్తాను, దానికి నాకేం భయం లేదు, ఇంట్లో నాకోసం కనిపెట్టుకుని ఎవరున్నారు. అది కాదు. నాకు దాటితే, తినకుండానే దాటినట్టు. అదుపున్నవాడికి దాటినట్టు. అప్పుడు దానికి కూడా అలాగే దాటిందేమో. మిఠాయి ముందా లివర్ ముందా. దాని లివర్ అప్పుడే చెప్పింది, అప్పుడే, మేం నవ్వుకుంటున్నప్పుడే. అప్పుడు నేనన్న మాటలన్నీ ఎక్కడికి పోతాయి. తిని తెచ్చుకున్నావ్ అన్నది ఎవరి మీద పడుతుంది. వీడి మీద ఆపిన వేలు ఎటు తిరుగుతుంది. అందుకే వీడు తల దువ్వుకుని వచ్చాడు. నా అంకె కోసం వచ్చాడు. నాకు తెలుసు. నాకు షుగర్ రావాలని కోరుకునేంత చెడ్డవాడు కాదు, ఆ మాట ఒప్పుకుంటాను, కానీ వస్తే వీడు ఊపిరి పీల్చుకుంటాడు. రాకపోతే నేను పీల్చుకుంటాను. ఒక అంకె, ఇద్దరం. ముల్లు మీద కూర్చున్నట్టుంది. దాటకూడదు. నాకు దాటకూడదు. నేను ఇన్నేళ్లు కోపంతోనే లేచాను, కోపంతోనే పడుకున్నాను, ఇది లాక్కుంటే నా దగ్గర ఇంకేముంది.

కళ్లు తిరుగుతున్నాయా బావా, అన్నాడు. లేదు అని చెయ్యి ఊపాను. మంచినీళ్లు తేనా? తల అడ్డంగా ఊపాను. చెమట పడుతోంది నీకు. పట్టనీ. లేచాను. ఎక్కడికి బావా? చిటికెన వేలు చూపించాను. ఆ మాత్రం దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వరండా చివర మరుగుదొడ్డి, దాని పక్కనే మెట్లు. మరుగుదొడ్డిలోకి వెళ్లాను, వచ్చాను, చేతులు కడుక్కున్నాను, అద్దంలో ముఖం చూసుకున్నాను, గడ్డం గీసుకున్న ముఖం, నిజాయితీపరుడి ముఖం. బయటికొచ్చి కుడివైపు తిరగాలి. ఎడమవైపు తిరిగాను. మెట్లు దిగాను. కింద వాకిలి దగ్గర గాలి తగిలింది, ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తిరిగి ఎక్కాను. మళ్లీ దిగాను. నడిస్తే దిగుతుంది. కండల్లోకి పోతుంది. దాన్ని వీధిలో తోలినప్పుడు తెలిసిందే ఇది, ఇప్పుడు నన్ను నేను తోలుకుంటున్నాను. కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మోకాళ్లు పట్టేస్తున్నాయి, పట్టనీ, ఇంకోసారి. తొడల్లో మంట, మంటే కావాలి, మండితే ఖర్చవుతుంది, నాలుక మీది తీపి కూడా తగ్గుతున్నట్టుంది, తగ్గుతోంది, ఖాయంగా తగ్గుతోంది. చీపురు పట్టుకున్న ఆవిడ గోడకి జరిగి నిలబడి, ఏం వెతుకుతున్నావయ్యా అంది. ఏం లేదమ్మా. పోయిందేదో చెప్పు, నేనూ చూస్తాను అంది. ఏం లేదు అన్నాగా అన్నాను. విసురుగా వచ్చింది మాట.

కాటా మీద ఇలాంటి వేషాలు ఎన్ని చూశాను. నిండు లారీ తూచేటప్పుడు డబ్బాల నిండా నీళ్లు పెట్టుకొస్తారు, ఇనుము దించాక ఖాళీ లారీ తూచేముందు ఆ నీళ్లు గోడ వారన పారబోస్తారు, ఆ బరువంతా ఇనుము కింద లెక్కపడుతుంది. తడి నేల చూసి పట్టుకుంటాను నేను. పట్టుకుంటే ఇక అంతే. ఒకడు, ముసలి డ్రైవరు, నా కాళ్లు పట్టుకున్నాడు, ఒక్కసారికి వదిలెయ్ అన్నాడు, ఇంట్లో ఏదో కష్టం చెప్పాడు. మళ్లీ ఈ గేటు తొక్కకు అన్నాను. తొక్కలేదు. తర్వాత అటువైపు రోడ్డు మీద వెళ్తూ కూడా మా గేటు వంక చూసేవాడు కాదు. నేను చేసింది తప్పా. తప్పు కాదు. తూకం తూకమే. మరి ఇప్పుడు నేను గోడ వారన పారబోస్తున్నది ఏంటి. నోర్ముయ్. ఎవరితో అంటున్నాను. ఇంకొక్కసారి దిగి ఎక్కి కూర్చుంటాను, చాలు. మలుపులో కడ్డీ పట్టుకుని ఊపిరి తీసుకుని తలెత్తితే, మెట్ల పైన వాడు. నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచో. చేతిలో నీళ్ల సీసా, మూత తీసిపెట్టి. నేను పడిపోయానేమోనని వెతుక్కుంటూ వచ్చి ఉంటాడు. రొప్పుతున్న నన్ను చూశాడు, తడిసిన చొక్కా చూశాడు, కిందికి పైకి చూశాడు. వాడికి అర్థం కాకుండా ఉంటుందా, అక్క వీధిలో నడిచినన్నాళ్లూ వాడూ చూశాడు. మోసం బావా అంటాడనుకున్నాను. అనాలి. వాడికిన్నేళ్లకి దొరికాను, చొక్కా పట్టుకుని అనాలి. వాడేమో సీసా మూత బిగించి, వెనక్కి తిరిగి, వెళ్లిపోయాడు.

వెళ్లి కూర్చున్నాను. అదే కుర్చీ. వాడు అటు చూస్తున్నాడు, నేను బొమ్మ చూస్తున్నాను. మేకు జోలికి పోవడం లేదు వాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, బళ్లో పిల్లాడిలా. మాట్లాడొచ్చు కదా. ఇందాకట్నుంచీ వాగినవాడు ఇప్పుడు వాగొచ్చు కదా. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినపడుతోంది, అది తగ్గేదాకా ఆ పిల్ల పిలవకపోతే బాగుండు. పక్కనెవరో ముసలావిడ మనవరాలితో పోట్లాడుతోంది, నాకేం లేదే, నువ్వే నన్ను రోగిష్టిని చేస్తున్నావు అంటోంది. అందరూ అదే అంటారు. ఏముంటుంది ఇప్పుడు అంకె. నూట నలభై లోపే ఉంటుంది. ఉంటే కూతురికి ఫోన్ చేసి చెప్తాను, చూశావా, మీ మామయ్యకి కూడా చెప్పు అంటాను. వాడికి చెప్పక్కర్లేదు, వాడిక్కడే ఉన్నాడు. వాడికి అన్నీ తెలుసు. వాడికి తెలిశాక ఆ అంకె నాకెందుకు. అయినా వాడు చెప్పకపోతే. చెప్పకపోతే వాడు జీవితాంతం అక్కను చంపినవాడే. వాడికి కావలసింది వాడి చేతిలోనే ఉంది ఇప్పుడు, ఒక్క మాట, లేచి వెళ్లి ఆ పిల్లతో ఒక్క మాట. చూద్దాం. ఎంతటివాడో చూద్దాం.

పిలిచింది. లోపల ఒక బల్ల, ఒక దిండు, సూది. వాడు కూడా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ బిగించింది. పిడికిలి బిగించండి అంకుల్. బిగించాను. నరం లేచింది. దూది తడుపుతూ, ఎటూ చూడకుండా, రోజూ వందమందిని అడిగే గొంతుతో అడిగింది. మధ్యలో ఏమైనా తిన్నారా? లేదు. పొగ తాగారా? లేదు. తిరిగారా, మెట్లెక్కడం దిగడం లాంటివి?

నేను నోరు తెరిచేలోపు వాడన్నాడు.

"లేదమ్మా. కుర్చీ దిగలేదు. నేను పక్కనే ఉన్నాగా."

ఒక్క తడబాటు లేదు గొంతులో. వాడికి అబద్ధం ఆడటం రాదు, చిన్నప్పట్నుంచీ ఎరుగుదును, మిఠాయి దాచినా ముఖం చెప్పేసేది. ఇప్పుడు చెప్పలేదు. నా వంక కూడా చూడలేదు. తన మెడకున్న ఉరికి తానే ఇంకో ముడి బిగించుకుని, నువ్వు హాయిగా ఉండు బావా అని నిలబడ్డాడు తలుపు దగ్గర, ఇస్త్రీ చొక్కాలో. ఒళ్లు మండిపోయింది నాకు. ఎవడడిగాడు వీణ్ణి. ఎవడి దయ కావాలి నాకు. ఇన్నేళ్లలో ఒక్కరోజు వీడి చెయ్యి కింద నా చెయ్యి పెట్టానా, ఇప్పుడు ఒక దొంగ అంకె వీడి చేతుల మీదుగా తీసుకుని, ఇంటికెళ్లి దాన్ని చూసుకుని మురిసిపోతూ బతకాలా. వీడు దానం చేస్తే మిగిలే కోపం నాకెందుకు. సూది చర్మం దగ్గరికి వచ్చింది.

"పట్టీ విప్పమ్మా."

"ఏంటంకుల్, భయమా? ఇందాక గుచ్చినప్పుడు బాగానే ఉన్నారుగా."

"మెట్లెక్కాను. దిగాను. చాలాసార్లు. వాడు అబద్ధం చెప్తున్నాడు."

ఆ పిల్ల నా వంక చూసింది, వాడి వంక చూసింది, మా ఇద్దర్నీ పిచ్చాసుపత్రి నుంచి పారిపోయి వచ్చినట్టు చూసింది. పట్టీ లాగి బల్ల మీద పడేసింది. పొద్దున పాఠం చెప్పినట్టు చెప్పానా లేదా అంకుల్? ఇప్పుడు తీస్తే ఏం తెలుస్తుంది, తక్కువే చూపిస్తుంది, మీకే నష్టం కదా! అంతా వృథా. ఎల్లుండి మళ్లీ ఖాళీ కడుపుతో రండి, మళ్లీ ఆ నీళ్లు తాగండి, మళ్లీ కూర్చోండి. ఇంత వయసొచ్చి ఏంటండీ ఇది. అని వాడి మీద పడింది. మీరెందుకండీ మరి అలా చెప్పారు, తోడొచ్చేది అందుకా? వాడు నేల చూపులు చూస్తూ, తప్పే తల్లీ అన్నాడు.

వరండాలోకి వచ్చాం. చొక్కా చెయ్యి దించుకుంటుంటే గుండీ పట్టలేదు, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా, అందుకే అయి ఉంటుంది. వాడు దగ్గరికొచ్చి పెట్టబోయాడు. చెయ్యి లాక్కున్నాను. ఎందుకు చెప్పావు బావా, అన్నాడు. పోయేదిగా. నీకు లేదని తేలిపోయేదిగా.

నీ సాక్ష్యం మీద నాకేదీ తేలనక్కర్లేదు అన్నాను. మూడేళ్ల తర్వాత వాడితో మాట్లాడిన మొదటి మాట అది. మంచి మాటే.

వాడు ముఖం తుడుచుకున్నాడు. మెట్ల వైపు నడిచాం, వాడు ఒక మెట్టు వెనకే. కడ్డీ పట్టుకుని దిగాను, ఇందాక ఎగిరెగిరి దిగిన మోకాళ్లు ఇప్పుడు ఒక్కో మెట్టుకీ ఏడుస్తున్నాయి. మలుపు దగ్గర ఆగాను. ఎల్లుండి అంటే ఎల్లుండే. ఆ పాకం మళ్లీ తాగాలి. తాగి కూర్చోవాలి. ఈసారి వచ్చేదేదో వస్తుంది. దాటితే దాటుతుంది. దాటితే ఆ రాత్రి ఇంటికెళ్లి ఏ గోడకి చెప్పుకోవాలో నాకు తెలీదు. దానికి చెప్పడానికి అది లేదు. వీడున్నాడు, వీడికి ఏం చెప్పాలో నోరు రాదు, ఇప్పుడే రాదు, అంకె రానీ. మళ్లీ ఆ గంట వస్తుంది, కాలు ఊగుతుంది, నన్ను నేను ఎరుగుదును, లేవకుండా ఉండగలనా.

ఎల్లుండి నేను రానా బావా, అన్నాడు వెనకనుంచి. వద్దంటే రాను.

"రా," అన్నాను. "వచ్చి ఆ పై మెట్టు మీద అడ్డంగా కూర్చో. నేను కుర్చీలోంచి లేచానంటే కాళ్లు విరగ్గొట్టు."

నేను తిరిగి చూడలేదు.

"విరగ్గొడతా బావా," అన్నాడు.